మోకాలిలో మెనిస్కస్ చిరిగిందని తెలిశాక వ్యాయామం మానేయాలా, కొనసాగించాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీ వయసు 49, బరువు 84 కిలోలు, జూనియర్ కళాశాలలో లెక్చరర్. నాలుగు నెలల క్రితం బస్సు దిగుతుండగా కుడి మోకాలు కలుక్కుమంది. లోపలి వైపు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) వెనుక భాగంలో అరుగుదల వల్ల వచ్చిన చిరుగు ఉందని ఎంఆర్‌ఐలో రాశారు. ఆపరేషన్ అవసరం లేదు, వ్యాయామం చేయండి అని ఎముకల వైద్యులు చెప్పారు కానీ ఏ వ్యాయామం, ఎంతసేపు అన్నది చెప్పలేదు. ఇంట్లోవారు కాలు కదపవద్దంటున్నారు, తోటి అధ్యాపకుడేమో రోజుకు పది వేల అడుగులు నడిస్తే అదే సర్దుకుంటుందంటున్నారు. మీకు మళ్లీ సూర్య నమస్కారాలు మొదలుపెట్టాలని ఉంది, అలిపిరి నుంచి నడిచి కొండ ఎక్కుతానన్న మొక్కు కూడా మిగిలి ఉంది.

నా సమాధానం: వ్యాయామం చేయవచ్చు, చేయాలి కూడా, ఎందుకంటే మీ మోకాలికి ఇప్పుడు ఉన్న ముఖ్యమైన చికిత్స అదే. కాకపోతే దాన్ని మందులాగే మోతాదు చూసుకుని వాడాలి, ఆ మోతాదు సరిపోయిందో ఎక్కువైందో చేస్తున్నప్పటి నొప్పిని బట్టి కాక మరుసటి రోజు ఉదయం మోకాలు ఎలా ఉందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. మీ ఇంట్లోవారి సలహా, మీ సహోద్యోగి సలహా రెండూ మీ మేలు కోరి చెప్పినవే అయినా రెండింటినీ పక్కన పెట్టమంటాను. నేను గుంటూరులో 22 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, నా దగ్గరకు వచ్చేవారిలో సగానికి పైగా మోకాలి బాధితులే. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం తప్పకుండా చూసుకోండి. మీ ఎంఆర్‌ఐ రిపోర్టులో 'రూట్' అన్న మాట, అంటే మెనిస్కస్ ఎముకకు అతుక్కునే మొదలు దగ్గర చిరిగిందని గానీ, మెనిస్కస్ తన చోటు నుంచి బయటకు జరిగిందని గానీ రాసి ఉందేమో చదవండి. నడివయసులో మెట్టు దిగుతూనో, గొంతుక్కూర్చుంటూనో ఉన్నట్టుండి కలుక్కుమన్న మోకాళ్లలో కొన్నింటికి ఈ రకం చిరుగు ఉంటుంది. అది మామూలు అరుగుదల చిరుగు లాంటిది కాదు, కీలు త్వరగా అరిగిపోవడానికి దారితీయగలదు కాబట్టి ఆలస్యం చేయకుండా శస్త్రవైద్యుడితో విడిగా చర్చించాల్సిన విషయం. రిపోర్టు అర్థం కాకపోతే దాన్ని తీసుకెళ్లి నేరుగా ఈ ప్రశ్నే అడగండి.

ఈ కింది లక్షణాల్లో ఏది కనిపించినా వ్యాయామం ఆపి ముందు వైద్యుడికి చూపించుకోవాలి: మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి ఎంత ప్రయత్నించినా నిటారుగా చాపలేకపోవడం, బరువు మోపి నాలుగడుగులైనా వేయలేకపోవడం, మోకాలు వేడిగా, ఎర్రగా ఉబ్బి జ్వరం రావడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి, గట్టిపడి నొప్పి పెట్టడం, నడుస్తుండగా మోకాలు పదే పదే జారిపోవడం. పిక్క వాపును చాలామంది మోకాలి నొప్పి కిందకి దిగిందని అనుకుని నూనె రాసి మర్దనా చేయిస్తారు. అది రక్తనాళంలో గడ్డ కట్టడం వల్ల వచ్చిన వాపు అయితే మర్దనా ప్రమాదకరం. అందుకే ఇక్కడ ఇంత నొక్కి చెబుతున్నాను.

అలాంటివేవీ లేవు, రూట్ చిరుగూ కాదు అనుకుని మిగతాది రాస్తున్నాను.

'చిరిగింది' అన్న మాట విన్న దగ్గర నుంచి మనిషి నడక మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. గుడ్డ చిరిగితే లాగిన కొద్దీ ఇంకా చిరుగుతుంది కదా, మోకాలూ అంతేనేమో అన్న భయం పట్టుకుంటుంది. నలభై దాటాక వచ్చే ఈ చిరుగులు ఎక్కువగా వయసుతో పాటు వచ్చే మార్పులే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మందికి మోకాలి ఎంఆర్‌ఐ తీసి 2008లో ఫలితాలు ప్రకటించారు. మెనిస్కస్ దెబ్బతిన్నట్టు కనిపించినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో ఆ మోకాలిలో నొప్పి గానీ, బిగుసుకుపోవడం గానీ లేదు. చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పి ఉండి తీరాలని లేదన్నమాట. నొప్పి తగ్గడానికి చిరుగు మాసిపోవాల్సిన అవసరమూ లేదు.

2016లో వెలువడిన ఒక నార్వే పరిశోధన మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇలాంటి చిరుగే ఉన్న 140 మంది నడివయసువారిలో సగం మందికి చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ చేశారు, మిగతా సగం మంది చేత 12 వారాల పాటు వ్యాయామం చేయించారు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలో, పనితీరులో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు నెలల దగ్గర తొడ బలం మాత్రం వ్యాయామం చేసినవారిలోనే ఎక్కువగా ఉంది. వ్యాయామ వర్గంలో దాదాపు ఐదో వంతు మంది తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారన్నది కూడా చెప్పాలి. వ్యాయామం అందరికీ సరిపోతుందని నేను అనడం లేదు; ముందు దానికి మూడు నెలలు నిజాయితీగా ఇవ్వాలంటున్నాను.

మరి పూర్తి విశ్రాంతి ఎందుకు వద్దు? మోకాలిలో నీరు చేరినప్పుడు తొడ ముందు కండరానికి నరాల ద్వారా అందే ఆదేశం బలహీనపడుతుంది. ఇరవై, ముప్పై మిల్లీలీటర్ల ద్రవం చేరినా చిప్పకు లోపలి వైపున ఉండే కండర భాగం సరిగ్గా బిగుసుకోదు. కండరం బలహీనపడితే అది మోయాల్సిన భారం కీలు మీద పడుతుంది, దాంతో నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే మనిషి ఇంకా తక్కువ కదులుతాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మీలాంటి చిరుగుతోనే నా దగ్గరకు వచ్చే నాటికి మూడు నెలలుగా మంచం దిగింది స్నానానికీ, భోజనానికీ మాత్రమే. టేపుతో కొలిస్తే ఆ తొడ రెండో తొడ కన్నా మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంది. చిరుగు వల్ల వచ్చిన బాధ అప్పటికే చాలావరకు తగ్గిపోయింది, ఆయన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది ఆ మూడు నెలల విశ్రాంతి. కోలుకోవడానికి ఆయనకు ఐదు నెలలు పట్టింది.

ఇక మోతాదు సంగతి. నొప్పి లేకపోతే సున్నా, భరించలేనిదైతే పది అనుకుంటే, వ్యాయామం చేస్తున్నప్పుడు మూడు వరకు వచ్చే నొప్పిని పట్టించుకోనక్కర్లేదు. నాలుగు, ఐదు అయితే చేయవచ్చు కానీ ఆ రోజు ఇంకేమీ పెంచకూడదు. ఐదు దాటితే ఆపండి. మరుసటి రోజు ఉదయం మంచం దిగే ముందు రెండు కాళ్లూ చాపి, చిప్పకు రెండు పక్కలా ఉండే పల్లాలను పక్కపక్కనే పోల్చి చూడండి. కుడి మోకాలి దగ్గర ఆ పల్లం పూడుకుపోయి ఉంటే నొప్పి లేకపోయినా నిన్నటి పని ఎక్కువైందనే అర్థం. నొప్పి ఒక మాట, వాపు ఇంకో మాట చెబుతుంటే వాపు మాటే వినండి. అలాంటప్పుడు ఒక రోజు ఆగి, తర్వాత మోతాదును సగానికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి, అంతే తప్ప పూర్తిగా మానేయకండి.

ఈ నియమాన్ని నేను నేర్చుకున్నది ఒక రోగికి కలిగిన ఇబ్బంది వల్ల. వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో, ఒక వ్యాయామోపాధ్యాయుడు నొప్పి అసలు లేదండీ అంటుంటే నమ్మి వారం వారం బరువు పెంచుకుంటూ పోయాను. ఆయన ఓర్పున్న క్రీడాకారుడు, నొప్పిని లెక్కచేసే మనిషి కాదు. నేను ఒక్క రోజు కూడా ఉదయపు వాపు గురించి అడగలేదు. ఆరో వారంలో మోకాలు బాగా ఉబ్బిపోయి మళ్లీ మొదటికొచ్చాం. అప్పటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ ముందుగా అడిగేది ఉదయం గురించే.

మొదటి రెండు, మూడు వారాలు. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడను ఐదు సెకన్లు బిగించి వదలండి. ఒక దఫాకు పది సార్లు, రోజుకు మూడు దఫాలు. తర్వాత వెల్లకిలా పడుకుని ఎడమ కాలు మడిచి, కుడి కాలును నిటారుగా ఒక అడుగు ఎత్తుకు లేపి నెమ్మదిగా దించండి. మోకాలు ఏమాత్రం వంగకుండా లేపగలిగితేనే అది లెక్కలోకి వస్తుంది. మడమను మంచం మీద జరుపుతూ హాయిగా వంగినంత మేరకే మోకాలు వంచండి. కదలని సైకిల్ అందుబాటులో ఉంటే సీటు ఎత్తుగా పెట్టుకుని, బిగింపు లేకుండా పది నిమిషాలు తొక్కితే చాలా మంచిది. ఊపిరి బిగబట్టవద్దు, ముఖ్యంగా బీపీ ఉంటే. నా రోగుల చేత అంకెలు పైకి లెక్కపెట్టిస్తాను, నోరు మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

నాలుగో వారం నుంచి. అన్నింటి కన్నా నేను ఎక్కువ నమ్మేది కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామాన్ని. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మొదట్లో దాని మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, రెండు పాదాల మీదా సమానంగా బరువు వేసి లేవండి, కూర్చునేటప్పుడు కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. చాలామందికి తెలియకుండానే బరువంతా బాగున్న కాలి మీద పడుతుంది. అద్దం ముందు చేస్తే నడుము ఒక పక్కకు ఒరగడం కనిపిస్తుంది. ఎనిమిది నుంచి పది సార్లు, మూడు దఫాలు, వారానికి మూడు రోజులు చాలు. రెండు వారాలు ఉదయపు పరీక్షలో నెగ్గితే దిండు తీసేయండి, ఆ తర్వాత ఒక సంచిలో రెండు కిలోల బియ్యం పోసి గుండెకు హత్తుకుని చేయండి. దీంతో పాటు పక్కకు పడుకుని కాలు పైకి లేపే వ్యాయామం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచే వ్యాయామం చేర్చండి. తుంటి, పిక్క బలంగా ఉంటే మోకాలి పని తేలికవుతుంది.

ఎనిమిదో వారం దాటాక ఇంటి మెట్లలో అన్నింటి కన్నా కింది మెట్టు మీద కుడి కాలితో ఎక్కి, అదే కాలి మీద నిలిచి నెమ్మదిగా ఎడమ కాలిని నేలకు దించడం మొదలుపెట్టండి. ఈ దించడమే అసలు పరీక్ష. కృత్రిమ మోకాళ్లలో కొలిచే పరికరాలు అమర్చి చూసిన పరిశోధనల్లో, సమతలం మీద నడిచేటప్పుడు కీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లకు పైగా, దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు భారం పడుతున్నట్టు తేలింది. ఆ లోగా రోజువారీ మెట్ల విషయంలో ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయండి, ఒక చేయి రెయిలింగ్ మీద ఉంచండి.

చిరుగు వెనుక భాగంలో ఉంది కాబట్టి మీకు కొన్ని భంగిమలు ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి. బరువు మోస్తూ మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగినప్పుడు ఒత్తిడి సరిగ్గా అక్కడే పడుతుంది. అందుకని కనీసం మూడు నెలలు గొంతుక్కూర్చోవడం, గుంజీళ్లు, వజ్రాసనం మానండి. నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేసే అలవాటుంటే కుర్చీకి మారండి. ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే మందుల షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ కొనుక్కోండి, రోజూ జరిగే ఆ ఒక్క పనిని మార్చకుండా ఎన్ని వ్యాయామాలు చేసినా ప్రయోజనం సగమే.

రెండోది మెలిక. పాదం నేలకు ఆనించి ఉంచి శరీరాన్ని తిప్పితే మెనిస్కస్ నలుగుతుంది. మీ వృత్తిలో ఇది ఎక్కడ జరుగుతుందో ఆలోచించండి: బోర్డు మీద రాస్తూ, పాదాలు కదపకుండా నడుము నుంచి విద్యార్థుల వైపు తిరగడం, ఒక పీరియడులోనే ఎన్నోసార్లు. రెండు చిన్న అడుగులు వేసి మొత్తం శరీరంతో తిరగడం అలవాటు చేసుకోండి. ఒక లెక్కల ఉపాధ్యాయురాలికి ఈ ఒక్క మార్పు చెప్పిన మూడు వారాల్లో సాయంత్రపు నొప్పి సగం తగ్గింది. వరుసగా రెండు క్లాసులుంటే మధ్యలో ఐదు నిమిషాలు కూర్చోండి. ఈతకు వెళ్లేవారైతే కప్పలా కాళ్లు తన్నే ఈత వద్దు, కాళ్లు నిటారుగా ఆడించే ఈత పరవాలేదు.

సూర్య నమస్కారాల్లో మీకు అడ్డొచ్చేవి రెండు చోట్లే. అశ్వ సంచలనాసనంలో ముందు మోకాలు లోతుగా వంగుతుంది, వెనుక మోకాలు నేలకు ఒత్తుకుంటుంది. అష్టాంగ నమస్కారంలో రెండు మోకాళ్లూ నేలకు ఆనుతాయి. మూడో నెల వరకు పాదాల దగ్గర నేలకు బదులు కుర్చీ సీటు మీద చేతులు ఆనించి చేయండి. తర్వాత నేల మీద చేసినా మోకాళ్ల కింద మడిచిన దుప్పటి ఉంచండి, కాలు ఎగిరి వెనక్కి వేయకుండా నెమ్మదిగా జరపండి, మొదట్లో నాలుగు ఆవృత్తులతో ఆపండి. పన్నెండు పూర్తి చేయాలన్న పట్టుదల ఇప్పుడు వద్దు.

నడక విషయానికొస్తే, పది వేలు అన్న అంకె వైద్య పరిశోధన నుంచి పుట్టింది కాదు. 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్కింపు పరికరం పేరు నుంచి వచ్చింది. నొప్పి ఉన్న మోకాలికి ఒకేసారి ముప్పై నిమిషాల కన్నా పది నిమిషాల చొప్పున మూడు సార్లు నడవడం మేలు. సమతలం మీద, మడమ పట్టు ఉన్న బూట్లతో నడవండి. వారానికి పదో వంతు చొప్పున పెంచడం నేను పాటించే పద్ధతి; అది శాసనం కాదు, మీ ఉదయపు మోకాలు ఒప్పుకుంటే కొంచెం ఎక్కువైనా పరవాలేదు.

మందుల గురించి ఒక్క మాట. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకోకండి, మోకాలు ఇచ్చే హెచ్చరిక మీకు వినబడదు. ఒకామె నొప్పి ఇంజెక్షన్ చేయించుకున్న రోజు సాయంత్రమే హాయిగా ఉందని ఇల్లంతా కడిగి, మర్నాడు కాలు కింద పెట్టలేకపోయింది. షుగరు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవారు ఈ మాత్రలను సొంతంగా వాడనే కూడదు. వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టండి. వాపు లేక బిగుతు మాత్రమే ఉంటే వేడి కాపడం పెట్టుకోవచ్చు. మోకాలి తొడుగు ధైర్యాన్నిస్తుందనుకుంటే బయటకు వెళ్లేటప్పుడు వేసుకోండి, బలాన్ని మాత్రం అది ఇవ్వదు.

బరువు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మోకాలి అరుగుదల ఉన్న అధిక బరువువారిని పరిశీలిస్తే, తగ్గిన ప్రతి కిలోకూ ఒక్కో అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలింది. మీరు ఐదు కిలోలు తగ్గితే ప్రతి అడుగులో ఇరవై కిలోలు దించినట్టే. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచితే కండరానికీ మేలు.

చివరిగా మీ మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలి గోపురం చేరే దాకా దాదాపు ఎడతెరిపి లేని ఎక్కుడే. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే, దూరం రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, కానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది కాబట్టి తక్కువ మెట్లని ఆ దారి ఎంచుకోకండి. మీరు అలిపిరి అనే మొక్కుకున్నారు, అదే మీకు తగినది, మధ్యలో చదునైన నడక కూడా దొరుకుతుంది. వ్యాయామం మొదలుపెట్టిన ఆరు నెలల లోపు వెళ్లవద్దు. వెళ్లే ముందు మీ ఊళ్లోనే ఏదైనా నాలుగైదు అంతస్తుల భవనంలో మెట్లు ఎక్కి లిఫ్టులో దిగుతూ, కొన్ని వారాల పాటు పెంచుకుంటూ, ఒక పూటలో వెయ్యి మెట్ల దాకా చేరండి. అలా చేసిన మర్నాడు మోకాలు వాయని పరిస్థితి మూడు సార్లు వరుసగా వస్తే బయలుదేరవచ్చు. తెల్లవారుజామున చల్లగా ఉండగా, చేతికర్రతో, ప్రతి రెండు వందల మెట్లకూ కూర్చుంటూ ఎక్కండి. మోకాళ్ల పర్వతం దగ్గర కొందరు భక్తులు మోకాళ్ల మీద ఎక్కుతారు. మీరు ఆ మెట్లను పాదాలతోనే ఎక్కండి. దర్శనం అయ్యాక నడిచి దిగవద్దు, బస్సులో తిరుపతికి రండి, ఆ బస్సు దిగేటప్పుడు కుడి కాలు ముందు పెట్టి, చేయి కడ్డీ మీద ఉంచండి.